కేవు పుచ్చుకోని పడవ

నా నోటి దురుసు వల్ల మా అత్తవారి పడవ అమ్ముడుపోయేదాకా వచ్చింది. ఈ మాట ముందే ఒప్పుకుంటే నాకు కాస్త తేలిక. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికైనా నన్ను ఉడికించాలనిపిస్తే, "ఏమమ్మా, ఈ రోజు కేవు ఉందా, లేదా?" అని అడుగుతారు. అప్పట్లో పడవ ఎక్కినందుకు ఇచ్చే డబ్బును కేవు అనేవారు. ఆ మాట వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది, వెనకే నవ్వూ వస్తుంది. ఆ ఎనిమిది రోజులు మాత్రం నవ్వు రాలేదు, అన్నం కూడా సయించలేదు.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేటలో, బస్సులు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలో. మా నాన్న బస్సుల మీదికి మూటలు ఎక్కించేవాడు. అమ్మ అక్కడే ఇడ్లీలు అమ్మేది. యుద్ధం మొదలైన కొత్తల్లో, ఇంకా పెట్రోలుకు కటకట రాని రోజుల్లో, సత్తెనపల్లి దారిలో ఇద్దరు యజమానులు పోటీపడి బస్సులు తిప్పారు. ఒకాయన టిక్కెట్టు తగ్గిస్తే రెండో ఆయన ఇంకాస్త తగ్గించేవాడు. ఒకాయన కిళ్ళీ ఇస్తే రెండో ఆయన సోడా కొట్టించేవాడు. రెండు బస్సుల మనుషులూ ఒకే ముసలాయనను చెరో రెక్కా పట్టుకొని లాగుతుంటే, ఆయన నేను బస్సెక్కటానికి రాలేదయ్యా, ఇడ్లీ తినటానికి వచ్చానని మొత్తుకోవటం నేను కళ్ళారా చూశాను.

చివరికి ఒకాయన, వారం రోజులపాటు అసలు టిక్కెట్టే లేదని చాటించాడు. ఇంకేముంది, పనీపాటా లేనివాళ్ళంతా సత్తెనపల్లి ప్రయాణమయ్యారు. మా అమ్మ కూడా నన్ను వెంటబెట్టుకొని రెండుసార్లు వెళ్ళి వచ్చింది. అక్కడ మాకు చుట్టాలూ లేరు, పక్కాలూ లేరు. దిగి, కాసిని నీళ్ళు తాగి, అదే బస్సులో వెనక్కి వచ్చాం. పదో రోజుకల్లా రెండో ఆయన బస్సు షెడ్డులోకి పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు. వ్యాపారమంటే ఇంతేనని తేల్చేసుకున్నాను. ఆ గెలిచినాయన ఆ తర్వాత టిక్కెట్టు ఎంతకు పెంచాడో నేను పట్టించుకోలేదు. బస్సు నిండిందా, ఖాళీగా ఉందా, అంతవరకే నా చూపు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాకు పెళ్ళి చేశారు. గురజాల దాటి, సున్నపురాతి నేలల మీదుగా బండిలో ఒక పూటంతా ప్రయాణం చేస్తే, కృష్ణ ఒడ్డున మా అత్తవారి ఊరు. అత్త లేదు. మామ, మా ఆయన, ఇద్దరే. ఇంటి ముందు రేవు, రేవులో మా పడవ. మామ దాన్ని మా ఆయన పుట్టిన ఏడు టేకు కర్రతో దగ్గరుండి చేయించాడట. అందుకే మా ఆయన వయసు ఎవరడిగినా, పడవ వయసు చెప్పేవాడు.

ఆ రేవులో ఇంకో పడవ ఉండేది కాదు. ఏటా జిల్లా బోర్డు వాళ్ళు రేవును వేలం వేసేవారు. పాట ఎవరిదైతే ఆ ఏడంతా వాళ్ళ పడవే తిరగాలి, ఇంకెవరూ దించటానికి వీల్లేదు. ఇరవై ఏళ్ళకు పైగా పాట మామదే. దాంతో ఆయన రేవుకు రాజు. జనాన్ని ఎట్లా తిట్టేవాడో చెప్తే నమ్మరు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి తిట్టేవాడు, తొందరగా వచ్చి కూర్చున్నవాణ్ణీ తిట్టేవాడు. గంపలో కోడి ఉంటే కోడికి కేవు అడిగేవాడు. ఎండగా ఉంది, పడవ కదిలించమని ఎవరైనా అంటే, నువ్వేమన్నా వెన్నముద్దవా కరిగిపోవటానికి అనేవాడు. జనం కిక్కురుమనకుండా అణా చేతిలో పెట్టి ఎక్కేవారు. ఏం చేస్తారు, ఏరు ఈదలేరు కదా.

అవతలి ఒడ్డు నైజాం. నీళ్ళు ఒకటే, మాట కూడా దాదాపు ఒకటే, డబ్బు మాత్రం వేరు. ఆ గట్టు మీద చౌకీ ఉండేది. మూటలన్నీ విప్పి చూసి సుంకం కట్టించుకొనేవాళ్ళు. రెండు వీశెల మిరపకాయలు దాటించాలంటే నాలుగుసార్లు దణ్ణం పెట్టాలి. తర్వాత ఆ గొడవల రోజులు వచ్చాయి. అటునుంచి భయంతో పారిపోయి వచ్చేవాళ్ళను మామ వేళాపాళా లేకుండా దాటించాడు. ఆ రోజుల సంగతి చెప్పటం మొదలుపెడితే ఇది ఇంకో కథ అవుతుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చినవాళ్ళ దగ్గర కూడా మామ ఏదో ఒకటి పుచ్చుకొనేవాడు. పిడికెడు జొన్నలు, అవీ లేకపోతే ఒక తమలపాకు, ఒక చీపురుపుల్ల. పుల్ల కూడా వదలడా, ఇంత పిసినారి ఏందని నేను లోపల్లోపల తిట్టుకొనేదాన్ని. పైకి అనే ధైర్యం నాకు అప్పటికింకా రాలేదు.

నైజాం మన దేశంలో కలిశాక అంతా మారిపోయింది. చౌకీలో మూటలు విప్పే పట్టుదల సడలింది. ఇటునుంచి మిరపకాయలు, ఉప్పు, పొగాకు, అటునుంచి ఆముదాలు, నెయ్యి, మేకలు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళతో రేవు తిరునాళ్ళలా ఉండేది. శుక్రవారం మా ఊరి సంతకు అవతలి ఊళ్ళన్నీ దిగేవి. మామ చానా సంతోషపడ్డాడు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో దండోరా వేశారు. ఈ ఏడు రేవుకు పాట లేదు, పడవ గట్టిగా ఉన్నవాడెవడైనా లైసెన్సు తీసుకొని నడుపుకోవచ్చునని. మామ పగలబడి నవ్వాడు. ఈ రేవులో సుడులు ఎక్కడున్నాయో నాకు తప్ప ఇంకెవడికి తెలుసు, ఎవడొస్తాడో రానీ అన్నాడు.

వచ్చాడు. మాచర్ల స్టేషను దగ్గర జట్కాలు నడిపే సాయిబు ఒకాయన. మనిషి నిలువెత్తు, తెల్లటి లాల్చీ, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. ఏరు తెలియకపోతే ఏం, తెలిసినవాళ్ళను నలుగురిని జీతానికి పెట్టుకున్నాడు. ఆకుపచ్చ రంగు వేసిన కొత్త పడవ, దాని మీద నీడకు గుడ్డ పందిరి, కూర్చోవటానికి బల్లలు. అన్నిటినీ మించి ఆయన నోరు. రైలు దిగేవాళ్ళను జట్కా ఎక్కించి ఎక్కించి ఆరితేరిన నోరది. "రండమ్మా, రండి పెద్దమ్మా, జాగ్రత్త, చెయ్యి ఇట్లా ఇవ్వండి," అని పిలుస్తుంటే, ఇరవై ఏళ్ళుగా మామ చేత తిట్లు తిన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైగా కేవు అర్ధణా. మొదటి శుక్రవారమే సగం జనం అటు వెళ్ళిపోయారు.

ఇంక చూడండి మా తమాషా. మా ఆయన మా పడవకు తాటాకుల పందిరి వేశాడు. నేను కుండెడు మజ్జిగలో ఉప్పూ కరివేపాకూ వేసి, ఎక్కేవాళ్ళకు తలా ఒక ముంత పోయటం మొదలుపెట్టాను. వచ్చే శుక్రవారానికి సాయిబు గోలీసోడాలు తెప్పించాడు. మేం కేవు అర్ధణాలో సగానికి, కాణీకి దించాం. ఆయనా కాణీకి దించి, పైగా తమలపాకూ వక్కా పెట్టాడు. మా ఆయన బల్లల మీద గోనెపట్టాలు పరిచాడు. సాయిబు మాచర్ల నుంచి గ్రామఫోను తెచ్చి పడవలో పెట్టాడు. దాని పాట వినటానికి ఏరు దాటే పనిలేని పిల్లలూ పెద్దలూ కాణీ ఇచ్చి వెళ్ళి వచ్చేవారు. జనానికి ఎక్కడలేని బింకం వచ్చింది. మా మజ్జిగ తాగి, ఇందులో అల్లం లేదే అని పెదవి విరిచి, సోడా కోసం పక్క పడవ ఎక్కేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మామ చేత జనాన్ని మర్యాదగా పిలిపించటం ఒక పెద్ద పని అయింది. రోజూ పొద్దున్నే నేను చెప్పేదాన్ని, రండమ్మా అనాలి మామా అని. ఆయన గొంతు సవరించుకొని, ఒడ్డున నిలబడి, రండమ్మా అనే మాటనే తిట్టులాగా అరిచేవాడు. ఒకావిడ ఉలిక్కిపడి గంప కింద పడేసుకుంది. అంత కష్టంలోనూ నేనూ మా ఆయనా చాటుకు పోయి కడుపు పట్టుకొని నవ్వాం.

నవ్వినా, సంగతి నవ్వులాట కాదని తెలుస్తూనే ఉంది. కాణీ కేవుతో పడవకు తారు కూడా రాదు. ఒక రోజు అన్నం దగ్గర మామ తేల్చి చెప్పాడు. ఏరు పొంగేదాకా చూస్తాను, అప్పటికీ ఇట్లాగే ఉంటే పడవ అమ్మేస్తాను, వీణ్ణి మాచర్ల అవతల రాళ్ళు కొట్టే పనికి పంపిస్తానని. మా ఆయన పడవ నడిపే గడ తప్ప మరొకటి పట్టి ఎరగని మనిషి. ఆయన సమ్మెట పట్టుకొని ఎండలో నిలబడటం ఊహించుకుంటేనే నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడే నాకు సత్తెనపల్లి బస్సు గుర్తొచ్చింది.

ఆ శుక్రవారం మామ పడవకు తారు కొనటానికి గురజాల వెళ్ళాడు. ఇంతకంటే మంచి అదును దొరకదనుకున్నాను. మామ ఊళ్ళో లేనప్పుడు మా ఒడ్డున కేవు పుచ్చుకోవటం నా పనే. నేను నీళ్ళ పక్కన రాతి మీద కూర్చొని వసూలు చేస్తే, మా ఆయన గడ వేసేవాడు. సంత విడిచే వేళకు ఒడ్డంతా జనం. ముందుగా ఎనిమిది మంది రాతిపనివాళ్ళు వచ్చారు. ఏ ఊరివాళ్ళో, అవతల ఎక్కడో గుడికి బండలు పరిచే పనికి పోతున్నారు. మీ దగ్గర కేవు వద్దు, ఎక్కండన్నాను. వాళ్ళు ఒకరినొకరు చూసుకొని, నవ్వుకుంటూ ఎక్కి కూర్చున్నారు. మా ఆయనకు సంగతి తెలియదు, నేను పుచ్చుకొనే ఉంటాననుకొని దాటించేశాడు.

పడవ తిరిగి వచ్చేసరికి నేను రాతి మీద లేచి నిలబడ్డాను. సాయిబు గ్రామఫోనుకు మించి గొంతు పెంచి, ఈ రోజు మా పడవలో ఎవరికీ కేవు లేదు, అంతా ఊరికే ఎక్కండని అరిచాను. నరసరావుపేటలో అయితే ఈ మాటకు తొక్కిసలాట జరిగేది. ఇక్కడ ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. మా ఆయన చేతిలో గడ పట్టుకొని అట్లాగే నన్ను చూస్తున్నాడు.

ముందు వరసలో వెన్న అమ్మే అవ్వ ఉంది. అవతలి ఒడ్డు మనిషి. ప్రతి శుక్రవారం కుండతో వెన్న తెచ్చి అమ్ముకొని పోయేది. పేరుకు ముసలిదే గాని, మామకు ఎదురు సమాధానం చెప్పగలిగిన మనిషి ఆ రెండు ఒడ్ల మీదా ఆమె ఒక్కతే. నేను ఆమె చెయ్యి పట్టుకొని, రా అవ్వా, నీ దగ్గర కాణీ కూడా వద్దులే, ఎక్కు అన్నాను.

అవ్వ చెయ్యి విదిలించుకుంది.

"నేనేమన్న సచ్చిన్ననా? నన్ను పీనుగ లెక్క దాటిస్తవా?"

ఆ మాట అని, ఖాళీ కుండ చంకలో పెట్టుకొని, సాయిబు పడవలోకి నడిచి వెళ్ళింది. ఆమె వెనక ఒడ్డున ఉన్నవాళ్ళంతా వెళ్ళారు. మా ఊరివాళ్ళు కూడా నా వైపు చూడకుండా పక్కగా జరిగిపోయారు.

మా ఆయన అప్పుడు చెప్పాడు. ఈ రేవులో కేవు లేకుండా దాటేది ఒక్క శవమేనట. పరాయి ఊళ్ళో చనిపోయినవాళ్ళను సొంత ఊరికి తీసుకుపోయేటప్పుడు శవానికీ, మోసేవాళ్ళకీ కేవు పుచ్చుకోరు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మోసినవాళ్ళు కేవు ఇచ్చి ఎక్కాలి. అప్పుడే అది మళ్ళీ బతికున్నవాళ్ళ పడవ అవుతుంది. అందుకే చేతిలో ఏమీ లేనివాడి దగ్గర కూడా పుల్లో, పుడకో పుచ్చుకోవాలి, మనిషిని మనిషిగా దాటించినట్టు. నేను కాపురానికి వచ్చాక ఆ రేవులో శవం దాటింది రెండుసార్లే. రెండుసార్లూ మామ నన్ను ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఇది కూడా ఒకరు చెప్పాలా అన్నాడాయన. ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి, నాకు తెలియదని ఆయనకు తోచనే లేదు.

చీకటి పడకముందే మామ తారు డబ్బాతో వచ్చాడు. దారిలోనే విన్నట్టున్నాడు. ఇంటికి రాకుండా నేరుగా పడవ దగ్గరికి వెళ్ళి, నన్ను పిలిపించి, ఎంతమందిని ఎక్కించావమ్మాయ్ అని అడిగాడు. ఎనిమిది మందిని అన్నాను. అరవలేదు. కోడి కేవు కోసం అరగంట అరవగల మనిషి, తారు డబ్బా కింద పెట్టి పడవ అంచు మీద కూర్చున్నాడు, అంతే. ఆయన నన్ను తిట్టి ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. తిట్టకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక ఇంట్లోకి వెళ్ళి పొయ్యి రాజేశాను.

ఊరికే ఎనిమిది మందిని దాటించటంతో మా పడవ శవాల పడవైపోయింది. ఆ ఎనిమిది మందీ తిరిగి వచ్చి కేవు ఇస్తే సరిపోయేది. వాళ్ళకు అవతల నెలల పని. వాళ్ళు కాకపోతే బయటివాళ్ళెవరైనా సరే, ఒక్కరు కేవు ఇచ్చి ఎక్కితే చాలు. మొదట ఎక్కేది నేనెందుకు కావాలని ప్రతివాడికీ భయం. మూడు రోజులు పసుపు నీళ్ళతో పడవ కడిగాను. నరసరావుపేట నుంచి మా నాన్నను రప్పించి ఎక్కిద్దామన్నాను. ఇంటివాళ్ళు పనికిరారన్నారు. రోజూ మా ఆయన ఖాళీ పడవను అవతలికి వేసుకుపోయి, ఖాళీ పడవతో వచ్చేవాడు.

నాలుగో రోజు సాయిబు మా ఇంటికి వచ్చాడు. చెడ్డవాడని చెప్పను. పెద్దాయనా అంటూ మామ పక్కన కూర్చొని, ఆడపిల్ల తెలియక చేసిన పని, మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. పడవ ఊరికే పడి ఉంటే ఎండకు పగుళ్ళిస్తుంది, నాకు అమ్మండి, మీవాణ్ణే జీతానికి దాని మీద పెట్టుకుంటాను అని. సొంత పడవ మీద కొడుకు జీతగాడుగా ఉండటం మామ ఒప్పుకోలేదు. పడవ ఇస్తాను, కొడుకును ఇవ్వను, వాడు మాచర్ల పోతాడన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం బయానా ఇచ్చి పడవ తీసుకుపోయేటట్టు మాట అయిపోయింది. నేను తలుపు వెనక నిలబడి, నా నోటిని నేనే కొట్టుకున్నాను.

రేవులో జనం ఎక్కే పడవ ఒక్కటే మిగిలింది కదా, రెండు రోజుల్లోనే సాయిబు రంగు మారింది. ముందు గ్రామఫోను మాచర్ల వెళ్ళిపోయింది. సోడాకు డబ్బులు అడగటం మొదలైంది. కేవు కాణీ నుంచి అర్ధణా, అర్ధణా నుంచి అణా, ఆ తర్వాత అణాన్నర. రండి పెద్దమ్మా అనే మాట ఎటు పోయిందో. ఆయన జీతగాళ్ళు మామకంటే గట్టిగా అరిచేవారు. పడవలో కాలు పెట్టే సందు లేకుండా నిండేదాకా కదిలేది కాదు. జనం రెండు గంటలు, మూడు గంటలు ఎండలో కూర్చొని, మా ఖాళీ పడవను చూస్తూ, నిట్టూర్చి, తల తిప్పుకొనేవారు. ఆ పెద్దాయన తిట్టేవాడు గాని నలుగురు ఎక్కితే కదిలించేవాడు అని ఎవరో అంటుంటే మా ఆయన విని వచ్చి చెప్పాడు. నాకు ఏడుపులోనూ సంతోషం కలిగింది.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే మా ఆయన చివరిసారి పడవ తీశాడు. నేనూ వస్తానన్నాను. కాపురానికి వచ్చి మూడేళ్ళయినా పడవలో కూర్చొని ఆ ఒడ్డు దాకా వెళ్ళింది నాలుగైదుసార్లే. మామ అరుగు మీద నుంచి చూశాడు, వద్దనలేదు. అవతలి రేవులో సాయిబు పడవ ఆగి ఉంది. అప్పటికే పాతికమందికి పైగా కూర్చున్నారు, ఇంకా నిండలేదని జీతగాళ్ళు ఒడ్డున చుట్టలు కాలుస్తున్నారు. పందిరి గుడ్డ చిరిగి ఒక పక్కకు వేలాడుతోంది. వెన్న అవ్వ ఎండ పడేవైపు, ఒళ్ళో కుండతో కూర్చొని ఉంది.

మేం పడవను కాస్త పక్కగా ఆపుకొని కూర్చున్నాం. ఎండ ముదిరింది. అవ్వ కుండ మీది గుడ్డ తీసి చూసుకుంది, మళ్ళీ కప్పింది. కాసేపటికి మళ్ళీ తీసింది. వెన్న కరిగి అంచుల నుంచి ఆమె చీర మీదికి కారుతోంది. కదలండయ్యా, నా వెన్న నీళ్ళవుతోందని గట్టిగా అంది. జీతగాడొకడు చుట్ట తీయకుండానే, కరిగితే నెయ్యనుకొని అమ్ముకో అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

అవ్వ లేచింది. కుండ నెత్తిన పెట్టుకొని, ఆ పడవలోంచి దిగి, మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ నేరుగా మా పడవ దగ్గరికి వచ్చి ఆగింది. కొంగు ముడి విప్పింది. అందులోంచి ఒక అణా తీసి నా ముందు చెయ్యి చాపింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. అటు పడవలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూస్తున్నారు. నా చెయ్యి లేవలేదు.

"తీస్కో బిడ్డా. నేను బతికే ఉన్న. బతికున్నోళ్ల దగ్గర కేవు తీస్కోవాలె."

తీసుకున్నాను. రెండు చేతులతో తీసుకొని కళ్ళకద్దుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు అడ్డం పడి ఆమె మొహం నాకు సరిగ్గా కనిపించలేదు. మా ఆయన కుండ అందుకొని తాటాకు పందిరి నీడలో పెట్టాడు. ఆమె మధ్య బల్ల మీద కాళ్ళు చాపుకొని కూర్చొని, అటు తిరిగి, కేవు పుచ్చుకున్నరు, ఇంక మీ ఇష్టం, ఆడ్నే కూసోని మాడుండ్రి అని కేకేసింది. ముందు మేకలవాడు దిగాడు. తర్వాత ఆముదాల బస్తాలతో ఇద్దరు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. నేను చెయ్యి చాపి కేవు పుచ్చుకుంటూనే ఉన్నాను. ఒకామె చంటిపిల్ల తరఫున తమలపాకు ఇవ్వబోతే అదీ పుచ్చుకున్నాను. సాయిబు జీతగాళ్ళు చుట్టలు పారేసి పరుగెత్తుకొచ్చి, అణా ఇస్తే చాలు, ఇప్పుడే కదుల్తున్నాం అని బతిమాలటం మొదలుపెట్టారు.

నడి ఏట్లో అవ్వ నన్ను మోచేత్తో పొడిచి, ఏమే, ఇయ్యాల నీ నోరు లేవట్లేదేంది అంది. పడవంతా నవ్వింది. నేను మజ్జిగ తేలేదు అవ్వా అన్నాను. నీ మజ్జిగల అల్లం ఎన్నడుంది గనుక అంది ఆమె.

మా ఒడ్డు దగ్గరపడుతుంటే చూశాను. మామ నీళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన సాయిబు, చేతిలో బయానా డబ్బు కట్టిన ఎర్ర గుడ్డ. ఇద్దరూ మా వైపే చూస్తున్నారు. మామ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని పడవలో తలలు లెక్కపెడుతున్నాడని నాకు ఇక్కడి నుంచే తెలుస్తోంది. పడవ ముక్కు ఇసుకలో దిగబడింది. అవ్వ కుండతో లేచి, నీ కోడలికి అణా ఇచ్చిన, అడుగు అని మామతో అంది. మామ నన్ను చూశాడు. నేను పిడికిలి విప్పి చూపించాను.

సాయిబు గొంతు సవరించుకొని ఎర్ర గుడ్డ ముందుకు చాపాడు. మామ దాని వైపు చూడలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకొని, ఎనిమిది రోజులుగా మేం వినని గొంతుతో, రెండు ఒడ్లకీ వినిపించేటట్టు అరిచాడు.

"పక్కకి జరుగు సాయిబూ, దిగేవాళ్ళకి దారియ్యి."